చప్పుడు చేయని నరాల జబ్బు: చక్కెర వ్యాధి చరిత్రలో మరుగున పడిన ఒక అధ్యాయం

మన సంఘం ప్రత్యేక సంచికకు ఆరోగ్యం మీద ఏదైనా వ్రాయమని కార్యదర్శి గారు కోరినప్పుడు, చక్కెర వ్యాధి గురించి మళ్ళీ వ్రాయడమెందుకని మొదట సందేహించాను. తీపి మానాలి, నడవాలి, కాళ్ళు చూసుకోవాలి, కళ్ళు చూపించుకోవాలి అని ప్రతి ఏడూ ఎవరో ఒకరు వ్రాస్తూనే ఉన్నారు. మన సభ్యులలో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో వెలువడిన పెద్ద సర్వే, దేశంలో 10 కోట్లకు పైగా జనానికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా వేసింది. అయినా ఈ వ్యాధి చేసే ఒక చెరుపును గురించి మన పెన్షనర్ల మధ్య మాట రాగా నేను వినలేదు. గుండెను, జీర్ణకోశాన్ని, మూత్రాశయాన్ని, చెమటను, రక్తపోటును మన ప్రమేయం లేకుండా నడిపే నరాలు దెబ్బతినడమే ఆ చెరుపు. డాక్టర్లు దీనిని అటానమిక్ న్యూరోపతి అంటారు. ఆ నరాల సముదాయానికి మన పాఠ్యపుస్తకాలలో స్వయంచోదిత నాడీవ్యవస్థ అని పేరు.

నాకు చక్కెర వ్యాధి 1989లో బయటపడింది. ఈ నరాల జబ్బు కూడా ఉన్నదని 2014లో తెలిసింది. అప్పటి నుండి దీని పూర్వాపరాలు దొరికినంత మేరకు చదువుతున్నాను. చదివిన కొద్దీ నాకు తోచిన సంగతి ఇది: దీనిని గుర్తుపట్టడానికి వైద్యశాస్త్రానికి అంత కాలం పట్టిన కారణమూ, మన ఇళ్ళలో నేటికీ గుర్తుపట్టని కారణమూ ఒక్కటే. ఇది నొప్పి పెట్టదు. పైగా దీని లక్షణాలన్నీ ముసలితనం వేషంలో వస్తాయి.

ముందుగా ఈ నరాలు చేసే పని చెప్పుకుందాం. చెయ్యి ఎత్తాలనుకుంటే ఎత్తించే నరాలు, ముల్లు గుచ్చుకుంటే తెలియజేసే నరాలు మనకు తెలిసినవే. స్వయంచోదిత నరాలు మనల్ని అడగవు. పడుకున్న మనిషి లేచి నిలబడగానే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళలోకి, పొట్టలోకి దిగుతుంది. క్షణాలలో రక్తనాళాలను బిగించి, గుండె వేగాన్ని కాస్త పెంచి, మెదడుకు రక్తం తగ్గకుండా కాపాడేవి ఇవే. తిన్న అన్నాన్ని చిన్నప్రేగులోకి కొంచెం కొంచెంగా వదిలేవీ, మూత్రసంచి నిండిందని కబురు చేసేవీ, ఎండలో చెమట పట్టించేవీ ఇవే. మన ఆఫీసులలో బోర్డు మీద ఆఫీసరు పేరు ఉండేది గాని ఫైళ్ళు నడిపేది హెడ్ క్లర్కు గారే కదా. ఆయన సెలవు పెట్టిన రోజున గాని ఆయన చేసే పని ఎంతో బయటపడేది కాదు. ఈ నరాలదీ అదే తీరు.

మన ప్రాచీన వైద్యులు ప్రమేహాలను ఇరవై రకాలుగా చెప్పి, వాటిలో తేనెవంటి మూత్రం పోయేదానిని మధుమేహం అన్నారు. మూత్రానికి చీమలు పట్టడం వారు గమనించారన్నది మనందరికీ తెలిసినదే. అంతగా ప్రచారంలో లేని సంగతి ఒకటున్నది. చరక సుశ్రుత సంహితలలో ప్రమేహానికి ముందుగా కనిపించే లక్షణాలలో అరచేతుల, అరికాళ్ళ మంటలను కూడా చేర్చారు. తిమ్మిరిని గురించి కూడా చరకుడు చెప్పాడు. అంటే ఈ వ్యాధికీ నరాలకూ సంబంధమున్న ఆనవాలు అప్పుడే కంటబడిందన్నమాట. 11వ శతాబ్దంలో పారశీక వైద్యుడు ఇబ్న్ సీనా ఈ రోగులలో దాంపత్య శక్తి తగ్గిపోవడాన్ని ప్రస్తావించాడు. పురుషులలో అది ఈ నరాల జబ్బు తొలి లక్షణాలలో ఒకటి కావచ్చునని ఇప్పుడు తెలుసు. వెయ్యి సంవత్సరాల క్రిందట ఆయన వ్రాసిన మాటను మనవాళ్ళు ఈనాటికీ డాక్టరు ముందు నోరువిప్పి చెప్పరు.

ఇక్కడ నన్ను ఎంతో ఆశ్చర్యపరచిన మనిషి ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు వైద్యుడు థామస్ విల్లిస్. ఈయన 1664లో మెదడు మీద ఒక మహాగ్రంథం ప్రకటించాడు. అందులోని బొమ్మలు కొన్ని వేసినవాడు తరువాత లండనులో సెయింట్ పాల్ చర్చి కట్టించిన క్రిస్టఫర్ రెన్. ఆ గ్రంథంలో విల్లిస్ గుండెకూ పొట్టకూ పోయే నరాల దారులను గీయించి, మన ఇష్టంతో జరిగే పనులు వేరు, ఇష్టంతో పనిలేకుండా జరిగేవి వేరు అని విడదీశాడు. పదేళ్ళ తరువాత, 1674లో, చక్కెర రోగుల మూత్రం రుచి చూసి, అది తేనె కలిపినట్లు తియ్యగా ఉన్నదని వ్రాసినవాడూ ఈయనే. తీపి మూత్రం ఒక చేతిలో, తనంతట తాను నడిచే నరాల పటం మరొక చేతిలో ఉన్నవి. రెండింటినీ ముడివేయడానికి మాత్రం తరువాత రెండున్నర శతాబ్దాలు పట్టింది.

1776లో లివర్‌పూల్ వైద్యుడు మాథ్యూ డాబ్సన్ ఆ తీపి చక్కెరేనని, అది రక్తంలో కూడా ఉన్నదని చూపాడు. తరువాత కథ అడ్డం తిరిగింది. 1849లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు క్లాడ్ బెర్నార్డ్ ఒక జంతువు మెదడు అడుగు భాగంలో సూదితో గుచ్చితే దాని మూత్రంలో చక్కెర కనిపించింది. దానితో చక్కెర వ్యాధి నరాలలోనే పుడుతుందన్న నమ్మకం బలపడింది. బెర్నార్డ్ సామాన్యుడు కాడు, ఆయన ప్రయోగమూ తప్పు కాదు. కాని రోగి కాళ్ళు తిమ్మిరెక్కితే, నరాల జబ్బు వల్లనే చక్కెర వచ్చిందని అనుకోవడానికి అది దారితీసింది. చెట్టు ముందా విత్తు ముందా అన్న ఈ వాదంలో, 1864లో మార్షల్ ద కల్వీ అనే మరొక ఫ్రెంచి వైద్యుడు ఎదురు చెప్పాడు. చక్కెర వ్యాధే నరాలను చెడగొడుతున్నదని ఆయన సిద్ధాంతం. అదే నిలబడింది.

స్వయంచోదిత నరాలకు ఇప్పటి పేరు పెట్టినవాడు కేంబ్రిడ్జి ఆచార్యుడు జాన్ న్యూపోర్ట్ లాంగ్లీ. 1898లో అటానమిక్ అన్న మాటను ఆయన వాడుకలోకి తెచ్చాడు. జంతువుల నరాల ముడుల మీద పొగాకులోని నికోటిన్ ద్రావణం పూసి, ఏ ముడి దగ్గర కబురు ఆగిపోతున్నదో చూస్తూ, ఏ నరం ఎక్కడికి పోతున్నదో కనిపెట్టిన ఓపికమంతుడాయన. మన కాలువల మీద లాకులు ఒక్కొక్కటే దించి, నీరు ఏ పొలానికి ఆగిందో చూసినట్లన్నమాట.

నరాల పటం పూర్తికావచ్చినా చక్కెర రోగులలో ఈ జబ్బు ఎక్కువగా కనబడకపోవడానికి విచారకరమైన కారణముంది. పిల్లలలో, యువకులలో వచ్చే చక్కెర వ్యాధి ఒకటి రెండేళ్ళలోనే ప్రాణం తీసేది. నరాలు చెడేటంత కాలం వారు బ్రతికేవారు కాదు. 1922 జనవరి 11న కెనడాలోని టొరంటోలో లియొనార్డ్ థామ్సన్ అనే 14 ఏళ్ళ బాలుడికి మొదటి ఇన్సులిన్ ఇంజెక్షను ఇచ్చారు. అది అంతగా పనిచేయలేదు. అదే నెల 23న, మరింత శుద్ధి చేసిన మందుతో అతడు కోలుకున్నాడు. అక్కడి నుండి ఈ వ్యాధి చంపేది కాక, ఇరవై ముప్పై ఏళ్ళు వెంట ఉండేది అయింది. ఆ పొడిగిన ఆయుర్దాయంలోనే నరాల జబ్బు తన రూపం చూపడం మొదలుపెట్టింది.

1945లో అమెరికన్ వైద్యుడు వేన్ రండిల్స్ 125 మంది రోగుల వివరాలతో ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. కాళ్ళ తిమ్మిర్లతో పాటు రాత్రి విరేచనాలు, మూత్రసంచి మొద్దుబారడం, నిలబడితే రక్తపోటు పడిపోవడం, చెమట పట్టడంలో తేడాలు, వీటన్నింటినీ ఒకే తాటి మీదకు తెచ్చి చూపించాడు. 1958లో పాల్ కసాండర్ అనే వైద్యుడు, పైకి ఏ బాధా లేని చక్కెర రోగుల పొట్టలో కూడా అన్నం కదలకుండా నిలిచి ఉండడం గమనించి దానికి గాస్ట్రోపరేసిస్ అని పేరు పెట్టాడు. భోజనం చేసిన గంటకు షుగరు తక్కువ, నాలుగు గంటలకు అకారణంగా ఎక్కువ ఉంటున్నదని తికమక పడేవారు ఈ పేరు గుర్తుంచుకోవాలి. ఇన్సులిన్ తన వేళకు పనిచేస్తుంది, అన్నం మాత్రం ఇంకా పొట్టలోనే ఉంటుంది.

నిలబడితే రక్తపోటు పడిపోవడాన్ని 1925లోనే బ్రాడ్‌బరీ, ఎగిల్‌స్టన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు ముగ్గురు రోగులలో వర్ణించి ఉన్నారు. నా సొంత సంగతి చెప్పవలసింది ఇక్కడే. 2013 ఎండాకాలంలో ప్రొద్దున మంచం మీద నుంచి లేవగానే కళ్ళు మసకలు క్రమ్మేవి. మెడ, భుజాలు లాగేవి. మళ్ళీ కూర్చుంటే సర్దుకునేది. ఒక ఆసుపత్రిలో వయసు మీద పడిందన్నారు. మరొక చోట మెడ ఎముకలు అరిగాయని పట్టీ వేశారు. మూడు నెలలు ఆ పట్టీతో తిరిగాను. ఇంట్లో పడిపోయి నుదుటికి ఐదు కుట్లు పడిన తరువాత, 2014లో, కుట్లు విప్పడానికి వెళ్ళినచోట ఒక చిన్న వయసు డాక్టరమ్మ నన్ను పది నిమిషాలు పడుకోబెట్టి బి.పి. చూసింది. 152/84. “లేచి నిలబడండి బాబాయిగారూ” అని, చెయ్యి పట్టుకునే ఉండి మళ్ళీ చూసింది. 108/66. నాడి మాత్రం పడుకున్నప్పుడు 92, నిలబడినప్పుడు 94. “బి.పి. ఇంత పడితే గుండె పరుగెత్తాలి. మీది కదలలేదు. కబురు అందడం లేదు” అన్నది. ఇరవై అయిదేళ్ళుగా నా బి.పి. చూసినవారందరూ కుర్చీలో కూర్చోబెట్టే చూశారు.

నిలబడిన మూడు నిమిషాలలోగా పై బి.పి. 20 గాని, క్రింది బి.పి. 10 గాని పడిపోతే దానిని జబ్బుగా లెక్కించాలని వైద్యులు 1996లో ఒక ఒప్పందానికి వచ్చారు. దీనికి యంత్రం అక్కరలేదు. ఒక బల్ల, ఒక బి.పి. పట్టీ, ఒక గడియారం చాలు.

ఆ డాక్టరమ్మ చేసిన పరీక్ష వెనుక 1970ల నాటి పరిశోధన ఉన్నది. ఆరోగ్యవంతుడి గుండె గడియారంలాగా ఒకే వేగంతో కొట్టుకోదు. గాలి పీల్చినప్పుడు కొంచెం వేగం, వదిలినప్పుడు కొంచెం నెమ్మది. ఈ తేడా తెచ్చేది మెదడు నుండి గుండె మీదుగా పొట్ట దాకా దిగే వేగస్ నరం. ఈ వ్యాధి పొడవైన నరాలను ముందుగా పట్టుకుంటుంది కాబట్టి దీనికి తొందరగా దెబ్బ తగులుతుంది. 1973లో లండనులో వీలర్, వాట్కిన్స్ అనే వైద్యులు చక్కెర రోగుల ఇ.సి.జి. తీసి చూస్తే, కొందరిలో ఎంత గట్టిగా ఊపిరి పీల్చినా గుండె వేగం మారలేదు. చూడబోతే క్రమబద్ధమైన గుండె, నిజానికి పగ్గం తెగిన గుండె. తరువాత ఎడింబరోలో ఎవింగ్, క్లార్క్ తదితరులు కలిసి మంచం ప్రక్కనే చేయగల ఐదు పరీక్షలు ఏర్పరచారు. నిమిషానికి ఆరుసార్లు దీర్ఘంగా శ్వాసించడం, లేచి నిలబడడం, ముక్కు నోరు మూసినట్లు బిగబట్టి ఊదడం, చేతి పిడికిలి బిగించడం వంటివి. ఆ ఊదే పద్ధతికి వల్సాల్వా అని పేరు. చెవి మీద 1704లో పుస్తకం వ్రాసిన ఇటలీ శరీర శాస్త్రజ్ఞుడు వల్సాల్వా చెవిలోని చీమును వెళ్ళగొట్టడానికి చెప్పిన చిట్కా అది. మూడు శతాబ్దాల తరువాత గుండె నరాలకు పరీక్ష అయింది. ఈ పరీక్షల ఫలితాలు వయసుతో సహజంగానే తగ్గుతాయి గనుక వాటిని వయసును బట్టి చూడాలి.

ఎడింబరో వైద్యులు తమ రోగులను ఏళ్ళ తరబడి వెంబడించి చూస్తే, లక్షణాలు ముదిరి పరీక్షలు తప్పినవారిలో సగానికి పైగా ఐదేళ్ళలో మరణించారు. ఈ మాట వ్రాయాలా వద్దా అని ఆలోచించాను. వ్రాయడమే న్యాయమనిపించింది. అయితే అది చాలా ముదిరిన రోగుల సంగతి. తరువాతి కాలపు పరిశోధనలలో పరిస్థితి అంత భయంకరంగా లేదు. నా సంగతే చూడండి, తెలిసి పదేళ్ళు దాటింది, ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

నివారణకు సంబంధించి మూడు పరిశోధనలు చెప్పుకోదగినవి. 1993లో ముగిసిన అమెరికా, కెనడాల అధ్యయనంలో, ఇన్సులిన్ మీద ఆధారపడిన 1,441 మందిలో చక్కెరను గట్టిగా అదుపు చేసినవారికి నరాల జబ్బు 60 శాతం తగ్గింది. వారు చిన్న వయసువారు. మనవంటి వారికి దగ్గరగా ఉండేది డెన్మార్కు వారి స్టెనో-2. అందులో 160 మంది టైప్ 2 రోగులు. చక్కెర, రక్తపోటు, కొలెస్టరాల్, పొగ మానడం, నడక, అన్నీ కలిపి పట్టించుకున్న వర్గంలో సుమారు ఎనిమిదేళ్ళకు ఈ స్వయంచోదిత నరాల జబ్బు 60 శాతానికి పైగా తగ్గిందని 2003లో ప్రకటించారు. చక్కెర ఒక్కదానినే పట్టుకు వేలాడితే చాలదన్నమాట. మూడవది ఆకార్డ్ అనే అధ్యయనం. 10,251 మందితో నడిచిన దానిలో, చక్కెరను మరీ తగ్గించిన వర్గంలో మరణాలు ఎక్కువ కావడంతో 2008లో ఆ చికిత్సను ఆపివేశారు. గుండె నరాలు చెడినవారిలో, ఏ వర్గంలో ఉన్నా, మరణాలు ఎక్కువని తరువాత తేలింది. అందుకే ఇప్పుడు పెద్దవయసు వారికి హెచ్.బి.ఎ.1.సి. లక్ష్యాన్ని కొంత సడలించి పెడుతున్నారు. పార్కులో నడిచేటప్పుడు నా సంఖ్య మీకంటె తక్కువ అని పందెం వేసుకునే మిత్రులు ఈ సంగతి తమ డాక్టరుతో మాట్లాడాలి.

చక్కెర పడిపోవడం ఈ జబ్బున్నవారికి మరింత ప్రమాదం. వణుకు, చెమట, గుండెదడ అనే హెచ్చరికలు ఈ నరాల ద్వారానే రావాలి. అవి రాకుండానే మనిషి మాట తడబడుతుంది. మా ఇంట్లో ఆ హెచ్చరిక పని మా ఆవిడ చేస్తున్నది. నేను అడిగిందే మళ్ళీ అడిగినా, ఊరికే కసురుకున్నా ముందు గ్లూకోజు నీళ్ళు చేతికిచ్చి, తరువాత వేలికి సూది గుచ్చి చూస్తుంది. కసురుకోవడంలో సగం నా స్వభావమేనని, సగానికే చక్కెర బాధ్యత వహిస్తుందని ఆమె అభిప్రాయం. ఫిలిప్ క్రయర్ మొదలైన అమెరికన్ పరిశోధకులు 1990లలో ఒక ఊరట మాట చెప్పారు. తరచుగా చక్కెర పడిపోవడమే ఆ హెచ్చరికలను మొద్దుబారుస్తుంది, కొన్ని వారాలు అలా పడనివ్వకుండా చూసుకుంటే అవి చాలామందిలో కొంతవరకు తిరిగి వస్తాయి.

గుండెపోటు కూడా నొప్పి లేకుండా రావచ్చు. మా సెక్షనులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనకు ఒక సాయంత్రం ఆయాసం, చెమట తప్ప మరేమీ లేదు. గ్యాసు అనుకుని సోడా త్రాగి పడుకున్నారు. మర్నాడు తీసిన ఇ.సి.జి.లో తెలిసింది. అదృష్టవశాత్తూ బయటపడ్డారు. చక్కెర ఉన్న మనిషికి కారణం లేని ఆయాసం, చెమట, వాంతి వస్తే ఛాతీనొప్పి కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి తీసుకువెళ్ళాలని ఇంట్లో వారికి తెలిసి ఉండాలి. మోకాలి ఆపరేషనో హెర్నియా ఆపరేషనో చేయించుకునే ముందు మత్తు డాక్టరుకు ఈ నరాల సంగతి తప్పక చెప్పాలి.

నాకు ఉపయోగపడినవి కొన్ని. మంచం తలవైపు కోళ్ళ క్రింద ఇటుకలు పెట్టించాను. లేచే ముందు మంచం మీదే రెండు పెద్ద గ్లాసుల నీళ్ళు త్రాగి, కాళ్ళు ఆడించి, కూర్చుని, ఆ తరువాతే నిలబడతాను. గుండె, మూత్రపిండాల జబ్బున్నవారు నీటి మాట డాక్టరును అడిగే చేయాలి. లైఫ్ సర్టిఫికెట్టుకు బ్యాంకులో నిలబడవలసి వస్తే కాలు మీద కాలు మెలివేసి పిక్కలు బిగిస్తాను. భోజనం చేసిన వెంటనే మాత్రం వెళ్ళను, రక్తమంతా పొట్టకు పోయే వేళ అది. ప్రోస్టేటుకు వాడే కొన్ని మాత్రలు, కాళ్ళ మంటలకు రాత్రి ఇచ్చే అమిట్రిప్టిలిన్, బి.పి. మందులు నిలబడినప్పటి రక్తపోటును ఇంకా దింపవచ్చు. నా మాత్రలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళి డాక్టరమ్మ బల్ల మీద పోస్తే, ఒకటి తీసివేసి, ఇంకొకటి వేళ మార్చింది. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 తగ్గి, అదొక నరాల జబ్బు తోడు కావచ్చు. ఆ పరీక్ష కూడా అడగాలి. మూత్రం వచ్చినా రాకున్నా పగలు మూడు గంటలకొకసారి వెళ్ళడం అలవాటు చేసుకున్నాను.

తిండి విషయంలో మనం విన్న సలహా కొంత తిరగబడుతుంది. పీచు, పప్పులు, ముడిధాన్యాలు చక్కెరకు మంచివే గాని, పొట్ట కదలనివారికి అవే బరువు. నూనె వంటలు ఇంకా ఆలస్యం చేస్తాయి. నేను మెత్తటి అన్నం, చారు, మజ్జిగ కొంచెం కొంచెంగా ఐదుసార్లు తింటూ, ఇన్సులిన్ వేళను డాక్టరు చెప్పినట్లు సర్దుకున్నాను. బరువు తగ్గడానికి ఈమధ్య బాగా వాడుకలోకి వచ్చిన సెమాగ్లుటైడ్ వంటి ఇంజెక్షన్లు పొట్ట కదలికను నెమ్మదింపజేస్తాయి. విదేశాలలో ఉన్న పిల్లలు పంపుతామన్నా, తన పొట్ట సంగతి డాక్టరుకు చెప్పకుండా ఎవరూ మొదలుపెట్టరాదు.

మన సంఘం ప్రతి ఏటా జరిపే ఉచిత వైద్య శిబిరంలో ఇప్పటిదాకా కుర్చీలో కూర్చోబెట్టే బి.పి. చూస్తున్నారు. కార్యదర్శి గారు, కార్యవర్గ సభ్యులు ఒప్పుకుంటే ఈసారి రెండు మడత మంచాలు వేయించి, చక్కెర ఉన్నవారికి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టిన ఒక నిమిషానికి, మూడు నిమిషాలకు మళ్ళీ చూసి మూడు అంకెలూ చీటీ మీద వ్రాసి ఇచ్చే ఏర్పాటు చేయవచ్చు. నిలబెట్టినప్పుడు ప్రక్కన పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి. మనిషికి పదిహేను నిమిషాలు పడుతుంది కాబట్టి ముందు రోజే టోకెన్లు ఇవ్వడం మంచిది. ఒక మంచం నేను పంపిస్తాను.